ఉద్యానవనమునకు ముందు భూపరీక్ష



పట్టణములలో ఉద్యానవనములు వేయుట ఈ పదేండ్లలో మిక్కిలి హెచ్చినది. 2015వ సంవత్సరమున కేంద్రప్రభుత్వమువారు మొదలుపెట్టిన అమృత్ పథకములో త్రాగునీటితోను, మురుగునీటి పారుదలతోను పాటు ఉద్యానములకును చోటు కల్పించిరి. తెలంగాణములో 2020 నుండి పల్లె ప్రకృతి వనములను పేర గ్రామములందును తోటలు వెలసినవి. కావున నేడు నేను చెప్పబోవునది పట్టణమున జరిగిన పనిని గూర్చియైనను, గ్రామములలోని పెద్దలకు పరాయి ముచ్చట కాదు.

తోట యనగానే మనకు చెట్లును, పచ్చికయు, పిల్లల ఉయ్యాలలును కన్నులకు గట్టును. వానితోపాటు ప్రహరీగోడ యుండును. నీళ్లట్యాంకును, మరుగుదొడ్లును, దీపస్తంభములును ఉండును. కాలువ ప్రక్కనైనచో మట్టి త్రోపుడునకు తట్టుకొని నిలువవలసిన అడ్డుగోడ యుండును. ఇవన్నియు నేలపై ఆధారపడి నిలుచునవే. ఆ నేల యెట్టిదో ముందుగా చూచి చెప్పవలసినవారెవరు? వారిని నియమింపవలసినవారెవరు? వారి రుసుము ఎవరి చేతినుండి పోవలెను? ఈ మూడు ప్రశ్నలలో మూడవది చిన్నదిగా కనబడును గాని, మిగిలిన రెండింటి ఫలము దానిమీదనే యున్నదని నా యభిప్రాయము.

నేను ఇంజనీరును కాను. ముప్పదినాలుగేండ్లు ఉన్నతపాఠశాలలో తెలుగును, సంస్కృతమును బోధించి విశ్రాంతి పొందినవాడను. మా పట్టణమున పంటకాలువ ప్రక్కనున్న 5 ఎకరముల స్థలములో ఉద్యానము నిర్మింపదలచినపుడు పురపాలక సంఘమువారు పౌరులలో ఏడుగురిని సలహాసంఘముగా నేర్పఱచి, అందులో నన్నును చేర్చిరి. పనికి కేటాయించిన సొమ్ము 1 కోటి 80 లక్షల రూపాయలు. ఆ సంఘములో కూర్చుండి నేను చూచినదియు, అడిగి తెలిసికొన్నదియు మీకు విన్నవించెదను.

మట్టిని పరీక్షించి కట్టడము మొదలుపెట్టుట మనకు క్రొత్త కాదు. వరాహమిహిరుని బృహత్సంహితలో వాస్తువిద్యను చెప్పు అధ్యాయమున ఒక పరీక్ష కలదు. ఇల్లు కట్టదలచిన చోట మూరెడు గుంట త్రవ్వవలెను. త్రవ్వితీసిన మన్ను మరల అందులోనే పోయవలెను. మన్ను మిగిలినచో ఉత్తమము, సరిపోయినచో మధ్యమము, చాలకపోయినచో అధమము. లేదా గుంటనిండ నీరు పోసి, నూఱడుగులు నడచి తిరిగి వచ్చి చూడవలెను; నీరు తగ్గకున్నచో మంచి నేల.

దీనిని కొందఱు మూఢవిశ్వాసమని త్రోసివేయుదురు. కొందఱు ఇదియే చాలు, ఇంజనీరు ఎందులకందురు. రెండును తొందరపాటు మాటలే. గట్టినేలను త్రవ్వినపుడు మన్ను గుల్లయై యెక్కువ చోటు పట్టును. అందుచేత పూడ్చిన పిమ్మట మిగులును. మన్ను చాలలేదన్నచో ఆ నేల ముందే గుల్లయై యున్నదన్నమాట. ఇందులో యుక్తి స్పష్టముగా నున్నది. కాని యీ పరీక్ష చెప్పునది మూరెడు లోతును గూర్చియే. మఱియొక చిక్కు కలదు. తడిసియున్న నల్లరేగడిలో నీరు ఇంకదు. నూఱడుగులు కాదు, వేయి అడుగులు నడచి వచ్చినను గుంటలో నీరు నిలిచియే యుండును. పరీక్షలో అది ఉత్తమమని తేలును. ఆ రేగడియే వానకాలమున ఉబ్బి, ఎండకాలమున బీటలువాఱి గోడలను చీల్చునని మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. రేగడి నేలల కొఱకే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు అడుగున ఉబ్బెత్తుగా నుండు స్తంభపు పునాదులను వ్యాప్తికి దెచ్చిరి. అట్టి పునాది ఎచ్చట వలయునో, ఎచ్చట అనవసరమో తెలియుటకు లోతున నున్న మట్టిని చూడక తప్పదు.

ఇక్కడ ఒక పొరపాటును తొలగింపవలెను. మట్టి పరీక్ష యనగా మీలో పలువురకు పొలపు మట్టి పరీక్ష స్ఫురించును. 2015 నుండి భూస్వాస్థ్య పత్రములు ఇచ్చుచున్నారు గదా. అందులకు పొలములో పలుచోట్ల జానెడు లోతున మన్ను తీసి, కలిపి, నాలుగు భాగములు చేసి, ఎదురెదురు భాగములను విడిచి, చివరకు అరకిలో మిగిల్చి పంపుదుము. ఆ పరీక్ష మొక్కకు కావలసిన సారమును చెప్పును. గోడకు కావలసినది వేఱు. మొక్క వెదకు ఆ పైమట్టినే కట్టడమువారు ముందుగా తీసివేయుదురు. వారు చూచునది దాని క్రింది పొరలను. అక్కడ నమూనాలను కలుపుటయు పనికిరాదు. ఏ బోరులో, ఏ లోతున, ఏ మన్ను వచ్చినదో వేర్వేరుగా చూపవలెను. తోటకు రెండు పరీక్షలును కావలసినవే. ఒకటి చేయించి రెండును చేయించితిమనుకొనువారు కలరు.

మా స్థలము మాట. పైకి చూచినచో చదునైన నేల, తుమ్మచెట్లు, మేకలు. కాని సంఘములోని ఒక పెద్ద, కుమ్మరివారు, అది యంతయు ఒకనాడు ఇటుకబట్టీల స్థలమనియు, తూర్పుసగములో మన్ను త్రవ్వుకొనగా గుంటలు పడెననియు, ఆ గుంటలను పిదప ఊరి చెత్తతో పూడ్చిరనియు చెప్పెను. చెత్తబండి తోలిన ముసలివాడొకడు ఆ మాట నిజమనెను. పడమటిసగములో మొరము తగులుటచే ఎవ్వరును త్రవ్వలేదట. ఈ మాటలు ఏ కాగితములోను లేవు. భూపరీక్ష యనునది బోరుయంత్రముతో మొదలగునని యనుకొందుము గాని, అది మొదలు కావలసినది ఊరి ముసలివారి నోటనుండియే.

అదివఱకే ఒక నివేదిక సిద్ధమై యున్నది. ఒప్పందములో ‘మట్టి పరీక్షలు గుత్తేదారు తన ఖర్చుతో చేయింపవలెను’ అని ఒక్క పంక్తి యుండుటచే, గుత్తేదారు తనకు తెలిసినవారిచేత చేయించి తెచ్చెను. మంచి అట్ట, రంగుల పటములు, పదునాఱు పుటలు. నేను ఆ లెక్కలనర్థము చేసికొనలేను గాని చూచుట మానలేదు. మూడు బోరులు వేసితిమని యుండెను. మీటరున్నర లోతున దెబ్బల సంఖ్య మూటికిని 14. మూడు మీటర్ల లోతున మూటికిని 22. తేమ మూటికిని నూటికి 12.6. ముప్పదినాలుగేండ్లు జవాబు పత్రములు దిద్దినవానికి ఇది చాలును. ముగ్గురు బాలురు ఒకే యొప్పు వ్రాసినచో అనుమానింపనక్కఱలేదు. కాని మైలు దూరపు నేలలైనను, గజము దూరపు నేలలైనను ప్రకృతి దశాంశముతో సహా ఒకే జవాబు వ్రాయదు. అంతకు మించి, మూడు మీటర్ల వఱకు నీరు కనబడలేదని వ్రాసిరి. బాట కవతలనున్న బావిలో ఏడడుగులకే నీరు.

ఆ గుత్తేదారు చెడ్డవాడని నేననను. ఏర్పాటే అట్టిది. పరీక్షించువాని రుసుము పరీక్షింపబడువాడు చెల్లించును. నివేదిక గట్టి నేలయని చెప్పినచో పని త్వరగా సాగును. మెత్తని నేలయని చెప్పినచో ఆగును, పునాది మార్పవలెను, బిల్లు ఆలస్యమగును. మఱుసటి పనికిని తననే పిలువవలెనని కోరుకొను పరీక్షకుడు ఎటు మొగ్గునో చెప్పుటకు జ్యోతిషము అక్కఱలేదు. విద్యార్థి తండ్రి జీతమిచ్చి పరీక్షాధికారిని నియమించుకొనినట్లు.

అమెరికాలోని పలు రాష్ట్రములును నగరములును స్వీకరించిన అంతర్జాతీయ భవన నియమావళిలో ఈ విషయమై ఒక సూత్రము కలదు. ప్రత్యేక తనిఖీలు అవసరమైన కట్టడములలో తనిఖీదారులను యజమానియైనను, యజమాని నియమించిన ప్రతినిధియైనను పెట్టుకొనవలెను. ఆ ప్రతినిధి గుత్తేదారు కారాదు. ఈ ఒక్క మాట మన ఒప్పందములలోను వ్రాసికొన్నచో ఎంత మేలని నేను సంఘములో చెప్పితిని.

‘తోటకింత హంగామా యేల? మేడ కట్టుచున్నామా?’ అని ఒక సభ్యుడు అడిగెను. అడుగదగిన ప్రశ్నయే. నేను చదివిన రెండు సంగతులు వారికి చెప్పితిని.

న్యూయార్కు రాష్ట్రములో నయాగరా ఫాల్సు పట్టణమున లవ్ కెనాలను చోటు కలదు. అసంపూర్తిగా విడిచిన పాత కాలువలో ఒక రసాయన కర్మాగారమువారు ఏండ్ల తరబడి వ్యర్థములను పూడ్చిరి. 1953లో ఆ నేలను ఒక్క డాలరునకు పట్టణపు పాఠశాల మండలికి అమ్మిరి. మండలివారు దానిపై బడి కట్టిరి. చుట్టును ఇండ్లు వెలసెను. 1978లో ఆ విషములు పైకి రాగా దేశాధ్యక్షుడు అత్యవసర పరిస్థితి ప్రకటింపవలసి వచ్చెను, కుటుంబములను తరలింపవలసి వచ్చెను. బడిలో జీవితము గడపిన నాకు ఆ వృత్తాంతము చదివినపుడు, ఆ బడి ఆటస్థలమే కన్నులముందు మెదలెను. క్రింద నున్నదేమో పిల్లలకు తెలియదు, పెద్దలు తెలిసికొనవలెను.

రెండవది సియాటిలు నగరమునందలి గ్యాస్ వర్క్సు ఉద్యానము. 1906 నుండి 1956 వఱకు అక్కడ బొగ్గునుండియు, పిదప నూనెనుండియు వంటవాయువు తీయు కర్మాగారముండెను. 1975లో దానిని ఉద్యానముగా తెఱచిరి. 1984లో మట్టిలోని విషములను పరీక్షించుటకై కొంతకాలము మూసివైచి, పిమ్మట మరల తెఱచిరి. నేడది ఆ నగరమున పేరుపొందిన తోట. చెడిన నేలపై తోట వేయరాదని దీని యర్థము కాదు. ముంబయిలో మాహిము దగ్గఱనున్న మహారాష్ట్ర ప్రకృతి వనమును చెత్త పోసిన నేలమీదనే పెంచిరి. చెడిన నేల యని యెఱిగి వేయవలెను, ఎఱుగక వేయరాదు, అంతే.

సభ్యుడు మఱి మాటాడలేదు. క్రొత్తగా పరీక్షకులను పురపాలక సంఘమువారే నియమింపవలెనని తీర్మానించితిమి. కమిషనరుగారు ఒప్పుకొనిరి.

ఇక నియమించుట. ధరలు పంపుమని మూడు సంస్థలకు వ్రాయగా ఒకరు 40 వేలనిరి, ఒకరు 1 లక్ష 15 వేలనిరి, ఒకరు 1 లక్ష 60 వేలనిరి. 40 వేలవారికే ఈయవలెనని గుమాస్తా పత్రము సిద్ధపఱచెను. అప్పుడు మా సంఘములో విశ్రాంతి పొందిన ఇంజనీరొకరు ఆ మూడు ఉత్తరములను బల్లపై పఱచి చదివి వినిపించిరి. 40 వేలవారు వేసెదమన్నది రెండు బోరులు, మూడేసి మీటర్ల లోతు. రెండవవారు ఆఱు బోరులు, పదేసి మీటర్లు, నాలుగు గుంటలు, చెత్తనేలలో సీసము మొదలగు లోహముల పరీక్ష. మూడవవారు ఇంచుమించు అంతే, కాని దూరపట్టణము నుండి రావలసినవారు. ఆ మూడు ధరలు మూడు వేర్వేరు వస్తువుల ధరలు. కుంచెడు వడ్లకును, పుట్టెడు వడ్లకును ధర పోల్చి కుంచెడే చవుక యన్నట్లున్నదని ఆయన నవ్విరి.

కావున ముందుగా ఏమి కావలెనో మనమే వ్రాయవలెను. బోరులెన్ని, ఎచ్చటెచ్చట, ఎంత లోతు, ఏ యే పరీక్షలు, ఎన్ని దినములు, నివేదికపై ఎవరి సంతకము, పిదప ప్రశ్నలడిగినచో వచ్చి చెప్పుదురా లేదా. ఇది వ్రాసి, రెండు కవరులలో సమాధానము లడిగితిమి. మొదటి కవరులో యోగ్యత, రెండవ కవరులో ధర. మొదటిది తెఱచి, తగినవారిని నిర్ణయించిన తరువాతనే రెండవది తెఱచుట. భారతప్రభుత్వపు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళిలో ఇట్టి పద్ధతి కలదు. అమెరికా కేంద్రప్రభుత్వమువారు 1972 నాటి చట్టము ననుసరించి ఇంజనీర్ల సేవలకు ముందు యోగ్యతను నిర్ణయించి, ధరను ఆ పిదప మాటాడుదురు. వైద్యుని ఎన్నుకొనునపుడు మనమును అట్లే చేయుదుము గదా; ఎవడు తక్కువకు కోయునని వేలము వేయము.

యోగ్యతా పత్రములను చూచుటలో ఒక మెలకువ కలదు. మన దేశమున ప్రయోగశాలలకు గుర్తింపు నిచ్చు జాతీయ మండలి ఒకటి కలదు, ఎన్.ఏ.బి.ఎల్. అందురు. దాని ముద్ర యున్నచో చాలునని పలువురు తలంతురు. కాని ఆ గుర్తింపు సంస్థకంతటికి గంపగుత్తగా ఈయబడునది కాదు. ఏ యే పరీక్షలకో జాబితా జతపఱచి యిత్తురు, గడువును వేయుదురు. నీళ్ల పరీక్షకు గుర్తింపు గలవారు మట్టి పరీక్షకు గుర్తింపు లేనివారై యుండవచ్చును. వచ్చినవారిలో ఒకరి పత్రమున ఆ జాబితా పుట యే లేదు. అడిగినచో మఱునాడు పంపెదమనిరి. ఆ మఱునాడు ఇప్పటికిని రాలేదు.

ఆఱు బోరులవారే ఎన్నికైరి. వారి రుసుము మొత్తము పనిలో నూఱు రూపాయలకు 64 పైసలు. గుత్తేదారు బిల్లుతో సంబంధము లేకుండ, పురపాలక సంఘమే నేరుగా చెల్లించునట్లు ఒప్పందము వ్రాసికొంటిమి. ఫలము ఎట్లు వచ్చినను రుసుము మారదు. వచ్చినవారు గుత్తేదారు కారులో రారాదు, ఆయన యింట భోజనము చేయరాదని కూడ నేను వ్రాయింపజూచితిని. అందఱు నవ్విరి గాని, రవాణా ఖర్చు వేఱుగా ఇచ్చుటకు ఒప్పుకొనిరి. నేను కోరినదియు అదియే.

బోరు వేసిన మూడు దినములు నేను గొడుగు పట్టుకొని అక్కడనే యుంటిని. మూడుకాళ్ల స్తంభము నిలిపి, 63.5 కిలోల సమ్మెటను 75 సెంటీమీటర్ల యెత్తునుండి జాఱవిడుతురు. క్రింద నున్న గొట్టము మట్టిలోనికి దిగును. మొదటి 15 సెంటీమీటర్లు లెక్కకు రావు. ఆ తరువాతి 30 సెంటీమీటర్లు దిగుటకు ఎన్ని దెబ్బలు పట్టెనో అదియే ఆ లోతున నేల బలమునకు గుర్తు. ఇంత సులభముగ నుండుటచేతనే మోసమునకును వీలున్నది. సమ్మెటను సగమెత్తు నుండి విడిచినను దెబ్బ దెబ్బయే. పడమటి బోరులో మీటరున్నరకే ముప్పదికి పైగా దెబ్బలు పడెను. తూర్పున మూడు దెబ్బలకే గొట్టము దిగిపోయెను. పైకి తీసినపుడు నల్లని బురదతో పాటు ప్లాస్టికు సంచి ముక్కలు, గాజుపెంకులు వచ్చెను. నీరు ఏడడుగులకు కనబడెను. బావి చెప్పినదే నిజమైనది.

ప్రయోగశాలలో చేయు పరీక్షలలో ఒకటి నన్ను మిక్కిలి ఆకర్షించినది. తడిమట్టిని గాజుపలకపై అఱచేతితో పాముచు, 3 మిల్లీమీటర్ల దారముగా చేయుదురు. ఆ లావునకు వచ్చునప్పటికి పగుళ్లు వాఱుట మొదలిడినచో, అప్పటి తేమను కొలిచి వ్రాసికొందురు. ఇది మా కుమ్మరి పెద్ద చూచి, ‘మేము ప్రతిదినము చేయునదే, కొలత వేయము గాని’ అనెను.

నివేదిక వచ్చునప్పటికి తూర్పున మూడు మీటర్ల వఱకు చెత్తయనియు, దాని క్రింద మెత్తని రేగడి యనియు తేలెను. పాత పటములో పిల్లల ఆటస్థలము, నీళ్లట్యాంకు, మరుగుదొడ్లు అన్నియు తూర్పుననే యుండెను. బాటకు దగ్గఱయని అట్లు గీచిరట. వానినన్నింటిని పడమటికి మార్చిరి. తూర్పున పిల్లలు మన్ను త్రవ్వుకొని యాడు చోటు ఏదియు నుండరాదని నిర్ణయమైనది. మంచి మన్ను దళముగా కప్పి, పచ్చికయు పొదలును వేసిరి. లోతుగా వేరు దిగు వృక్షములను అచ్చట నాటలేదు. కాలువవైపు అడ్డుగోడను మాత్రము మార్పుటకు వీలులేదు. ఆ గోడ క్రింది చెత్త నంతయు తీసి, మొరము నింపి, పునాది వెడల్పు పెంచిరి. గోడ వెనుక నిలిచిన నీరు పోవుటకు రంధ్రములను పెట్టిరి. ఈ మార్పులకు అయిన వ్యయము చూచి కౌన్సిలరు లిద్దఱు కోపించిరి. ఆటస్థలము ఎచ్చట నుండవలసి యుండెనో ఆ బోరులోని నమూనా పెట్టెను వారి ముందుంచితిమి.

పరీక్షతో పని ముగియదు. మంచి నివేదిక వ్రాసియు, పని జరుగునపుడు ఎవరును చూడకున్నచో అది బీరువాకే యలంకారము. కావున ఆ సంస్థవారినే తనిఖీకిని నియమించితిమి. వచ్చినన్ని సారులకు రుసుము. వారు వ్రాతమూలముగ ఒప్పుకొననిదే పునాదిగుంటలో కాంక్రీటు వేయరాదు, మొరము మీద మఱియొక పొర పోయరాదు అని నియమము.

మొరము నింపుటలో నున్న శాస్త్రమును మీరు సులభముగ గ్రహింతురు. దుక్కికి పదును కావలెను గదా. ఎక్కువ తడియైనచో బురద, తక్కువైనచో పెళ్లలు. నింపిన మట్టిని గట్టిపఱచుటకును పదును కావలెను. 1933లో లాసు ఏంజిలీసు నగరపు నీటి శాఖలోని ప్రాక్టరను ఇంజనీరు ఈ పదునును కొలుచు విధానమును ప్రకటించెను. ఒక్కొక్క మన్నునకు ఒక్కొక్క తేమ కలదు. ఆ తేమలో దిమ్మిస కొట్టిననే అది యెక్కువగా కుదురును. ప్రయోగశాలలో వచ్చిన గరిష్ఠ సాంద్రతలో నూటికి 95 వంతులు స్థలమునందును వచ్చినచో పొర అంగీకృతము. అందుకై పొరను పలుచగా పోసి, నీరు చల్లి, రోలరు నడుపవలెను. మీటరు మందము ఒక్కమాఱు పోసి పైన రోలరు త్రిప్పినచో పైజానెడు గట్టిపడును, క్రింద గుల్లగానే యుండును.

వచ్చిన సాంద్రతను కొలుచు తీరు చూచినపుడు నాకు కలిగిన సంతోషమును మీకు చెప్పక మానలేను. పొరలో చిన్న గుంట త్రవ్వి, తీసిన మన్నును తూతురు. పిదప ఆ గుంటను పొడి ఇసుకతో నింపి, పట్టిన ఇసుక తూకమునుబట్టి గుంట పరిమాణమును కనుగొందురు. త్రవ్వుట, నింపుట, పోల్చుట! ఇది వరాహమిహిరుని గుంటయే. తక్కెడ చేరినది, తేమ లెక్క చేరినది, మూరెడు వెడల్పు జానెడుకంటె తక్కువైనది. ఆ యువ ఇంజనీరునకు నేను ఆ శ్లోకార్థము చెప్పగా అతడు తన పుస్తకములో వ్రాసికొనెను.

కాంక్రీటు వేయునాడు 15 సెంటీమీటర్ల ఘనములను పోసి, నీళ్లలో నుంచి, 28 దినములకు యంత్రమున పెట్టి అణచి చూతురు. భారతీయ ప్రమాణము ప్రకారము ఒక నమూనాకు మూడు ఘనములు. 5 ఘనమీటర్ల వఱకు ఒక నమూనా, 15 వఱకు రెండు, పని పెరిగినకొలది మఱికొన్ని. ఇందులో చూడవలసినది యంత్రమును కాదు, ఘనములు పోయు క్షణమును. గోడలో పడుచున్న కాంక్రీటునుండియే తీయవలెను. వేఱుగ సిమెంటు దట్టించి చాటున పోసిన ఘనములు యంత్రము క్రింద పర్వతములవలె నిలుచును, గోడ నిలువదు. కావున ఘనములు తడిగా నున్నపుడే తనిఖీదారు వానిపై తేదీయు, చేవ్రాలును గీయునట్లు ఏర్పాటు చేసితిమి. మీ గ్రామములో బడికి ప్రహరీగోడయో, నీళ్లట్యాంకో కట్టునపుడు ఈ యొక్కటి అడుగుడు. అడిగినారని తెలిసినచో చాలును, సగము పని బాగుపడును.

ఒకనాటి సాయంకాలము తనిఖీదారు రాకముందే అడ్డుగోడ వెనుక రెండు పొరలు పోసివైచిరి. మఱునాడు అతడు పరీక్షింపగా క్రిందిపొర 88 వంతులే వచ్చెను. రెండు పొరలును తీసి మరల పోయుమని వ్రాసెను. గుత్తేదారు పెద్దలచేత చెప్పించెను, వాన వచ్చుచున్నదనెను, రెండువందల బండ్ల మొరము పాడగుననెను. కమిషనరుగారు కాగితము చూచి, ‘రుసుము మనమిచ్చి చెప్పించుకొన్న మాట. విననిచో ఏల యిచ్చితిమి?’ అని మాత్రమనిరి. పొరలు తీసిరి. రుసుము గుత్తేదారు చేతిలో నున్నచో ఆ కాగితమసలు పుట్టియే యుండదు.

ఆ ఏట వానకాలములో కాలువ నిండుగా పాఱెను. గోడ వెనుక రంధ్రములనుండి నీరు సన్నగా కారుచుండగా నేను రెండు మూడు మాఱులు పోయి చూచితిని. తోటలో పిల్లలు పడమటివైపు ఉయ్యాలలూగుచున్నారు.

నివేదిక యొక్క ప్రతిని, బోరులు వేసిన చోట్లు గుర్తించిన పటమును పురపాలక గ్రంథాలయములో ఉంచితిమి. ఏబదియేండ్ల తరువాత ఎవరైన అచ్చట మఱియొకటి కట్టదలచినచో తూర్పుసగము క్రింద నేమున్నదో వారికి తెలియవలెను గదా. అప్పటికి చెత్తబండి తోలినవాడుండడు, మా కుమ్మరి పెద్దయు ఉండడు. మీ గ్రామములలో ఇట్టి నివేదిక పంచాయతీ కార్యాలయమున నుండవచ్చును. లేనిచో 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద ఆ పని చేయించిన శాఖకు అర్జీ వ్రాసి అడుగవచ్చును. అర్జీలో ‘మట్టి పరీక్షా నివేదిక, బోరుల పటము, ఘనముల పరీక్షా ఫలితములు, పరీక్షకులకు రుసుము చెల్లించినది ఎవరు’ అని నాలుగు అంశములను వేర్వేరుగ వ్రాయుడు, నాలుగవదానిని మఱువకుడు.